బలం లేని చోట ఎలక్ట్రాన్‌కు ఏమైంది?

1986లో జపాన్‌లోని హిటాచీ కంపెనీ పరిశోధనశాలలో అకిరా తొనోమురా, ఆయన సహచరులు ఒక ఉంగరంతో ప్రయోగం చేశారు. మైక్రాన్లలో కొలవాల్సినంత చిన్న ఉంగరం అది. లోపల పర్మల్లాయ్ అనే ఇనుము, నికెల్ మిశ్రమలోహం, అదే అయస్కాంతం. దాన్ని అన్ని వైపులా కప్పుతూ నయోబియం పొర. నయోబియాన్ని బాగా చల్లబరిస్తే అతివాహకమై, అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి పోనివ్వదు. ఆ పైన ఎలక్ట్రాన్లు లోపలికి చొరబడకుండా రాగి పొర ఒకటి. అంటే అయస్కాంతం లోపల బందీ. దాని క్షేత్రం బయటికి రాదు, బయటి ఎలక్ట్రాన్ లోపలికి పోదు. ఒక ఎలక్ట్రాన్ తరంగంలో కొంత భాగాన్ని ఉంగరం రంధ్రంలోంచి, మిగతా భాగాన్ని ఉంగరం పక్కనుంచి పంపి, అవతల ఇంకో తరంగంతో కలిపి చూశారు. ఈ దారుల్లో ఎక్కడా అయస్కాంత క్షేత్రం లేదు, కాబట్టి ఎలక్ట్రాన్ మీద బలమూ లేదు. అయినా కొన్ని ఉంగరాల్లో, రంధ్రంలో కనిపించిన వెలుగు చీకటి పట్టీలు బయటి పట్టీలతో కలవకుండా సరిగ్గా సగం పట్టీ మేర పక్కకు జరిగి ఉన్నాయి. ఏదీ తాకకుండానే ఎలక్ట్రాన్‌లో మార్పు వచ్చిందన్నమాట. దీన్ని అర్థం చేసుకోవాలంటే విద్యుదయస్కాంతత్వం అనగానే బలాన్ని తలుచుకునే అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. క్వాంటమ్ లోకంలో అది మొదట ఒక పోలిక నియమం. ఇక్కడి తరంగాన్ని అక్కడి తరంగంతో ఎలా పోల్చాలో చెప్పే జ్యామితి అది. బలం ఆ జ్యామితిలోంచి తర్వాత పుట్టుకొచ్చేది.

పందొమ్మిదో శతాబ్దపు భౌతిక శాస్త్రంలో ఈ మాటకు తావు లేదు. అప్పుడు విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఈ రెండే అసలు సరుకు. ఆవేశమున్న కణం ఎక్కడుంటే అక్కడి క్షేత్రం దాన్ని నెడుతుంది, తిప్పుతుంది. క్షేత్రం లేకపోతే కణం తన దారిన తాను పోతుంది. మాక్స్‌వెల్ తన సమీకరణాల్లో సదిశ పొటెన్షియల్ అనే మరో రాశిని కూడా వాడాడు. దాన్నుంచి అయస్కాంత క్షేత్రాన్ని రాబట్టవచ్చు. కాని ఒకే క్షేత్రానికి లెక్కలేనన్ని పొటెన్షియళ్లు సరిపోతాయి. వాటిలో ఏది ఎంచుకున్నా జవాబు మారదు. ఇలా మనిషి తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోగలిగేది ప్రకృతిలో నిజంగా ఉన్నదెలా అవుతుంది? 1880ల్లో ఆలివర్ హెవిసైడ్, హైన్రిక్ హెర్ట్జ్ పొటెన్షియల్‌ను తప్పించి సమీకరణాలను క్షేత్రాలతోనే తిరగరాశారు. ఇవాళ ఇంజనీరింగ్ విద్యార్థులు బట్టీపట్టే నాలుగు సమీకరణాలు ఆ రూపంలోవే. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ నాటి సాక్ష్యాల మీద వేరే తీర్పు రాదు.

1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక సాక్ష్యాలు మారాయి. అందులో ప్రతి బిందువు దగ్గరా ఎలక్ట్రాన్‌కు ఒక సంకీర్ణ సంఖ్య ఉంటుంది. దాన్ని ఆ బిందువు దగ్గర గీసిన చిన్న బాణం అనుకోవచ్చు. బాణం పొడవును వర్గం చేస్తే ఎలక్ట్రాన్ అక్కడ దొరికే సంభావ్యత వస్తుంది. బాణం ఏ కోణంలో తిరిగి ఉందో దాన్ని దశ అంటారు. ఒంటరిగా ఈ కోణానికి అర్థం లేదు. అన్ని బాణాలనూ ఒకేసారి 30 డిగ్రీలు తిప్పేసినా ఏ ప్రయోగమూ పసిగట్టలేదు. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసినప్పుడు వాటి కోణాల తేడా మాత్రం పట్టీల రూపంలో బయటపడుతుంది. మరి సున్నా డిగ్రీల దిక్కును ఒక్కో బిందువు దగ్గర ఒక్కోలా నిర్ణయించుకుంటే? ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం లెక్కకట్టాలంటే బాణం ఒక బిందువు నుంచి పక్క బిందువుకు ఎంత మారిందో చూడాలి; ఆ పనిని అవకలనం అంటారు. పక్క బిందువులో సున్నా దిక్కే వేరైతే, కనిపించిన మార్పులో ఎలక్ట్రాన్ వాటా ఎంత, మన గుర్తుల తేడా వాటా ఎంత? ఈ రెండింటినీ విడదీయడానికి మామూలు అవకలనంలోంచి ఒక సవరణను తీసేస్తారు. ఆ సవరణ సదిశ పొటెన్షియల్‌కు, ఎలక్ట్రాన్ ఆవేశానికి అనుపాతంలో ఉంటుంది. ఇలా సవరించుకున్న అవకలనాన్నే కోవేరియంట్ డెరివేటివ్ అంటారు. సున్నా దిక్కులు మార్చినప్పుడల్లా పొటెన్షియల్ కూడా దానికి తగ్గట్టు మారి, ఫలితాన్ని చెదరకుండా కాపాడుతుంది. హెవిసైడ్‌కు దోషంగా కనిపించిన స్వేచ్ఛే ఇక్కడ పొటెన్షియల్ చేసే పని. ఈ బిందువులోని బాణాన్ని పక్క బిందువుకు మోసుకెళ్లి అక్కడి బాణంతో పోల్చాలంటే ఎలా మొయ్యాలో అది చెబుతుంది. జ్యామితిలో ఇలాంటి నియమాన్ని కనెక్షన్ అంటారు. గేజ్ క్షేత్రమంటే ఇంతకన్నా గూఢమైనదేమీ కాదు.

అయితే మోసే నియమం ఉన్నంతమాత్రాన, ఏ దారిలో మోసినా బాణం ఒకే దిక్కు చూపాలని లేదు. పల్లీలు పోసిచ్చే కాగితం పొట్లాన్ని తీసుకోండి. గుండ్రటి కాగితంలోంచి పావు వంతు ముక్క కోసి తీసేసి, మిగిలిన అంచులు రెండూ అతికిస్తే పొట్లం ఆకారం వస్తుంది. (బజార్లో ఇచ్చేదానికన్నా కొంచెం వెడల్పుగా వస్తుంది, ఫర్వాలేదు.) దాని మీద ఒక బాణం గీసి, కాగితాన్ని మళ్లీ చదునుగా పరిస్తే తన మొదటి దిక్కుకు సమాంతరంగా ఉండేటట్టు, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోవాలి. మొనను చుట్టని దారిలో తిరిగి వస్తే బాణం బయల్దేరినట్టే ఉంటుంది. మొనను ఒకసారి చుట్టి వస్తే మాత్రం 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. దారిలో ఎక్కడా ఎవరూ దాన్ని తిప్పలేదు, కాగితం ఎక్కడా సాగలేదు. వక్రత అంతా మొన దగ్గరే పోగుపడి ఉంది. మన దారి దాన్ని తాకకుండా చుట్టి వచ్చింది. ఎలక్ట్రాన్ బాణాల జ్యామితిలో ఈ వక్రత పాత్ర అయస్కాంత క్షేత్రానిది. చిన్న చుట్టు తిరిగి వచ్చిన బాణం ఎంత తిరిగిందో చూస్తే, ఆ చుట్టులోంచి ఎంత అయస్కాంత అభివాహం పోతోందో తెలుస్తుంది. తొనోమురా ఉంగరంలో పర్మల్లాయ్ ఉన్న చోటే ఆ మొన. ఎలక్ట్రాన్ దాని జోలికి పోలేదు, చుట్టూ తిరిగిందంతే.

ఈ ఆలోచన మొదట మొలిచింది తప్పుడు నేలలో. ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో బాణాన్ని మోసుకెళితే దాని దిక్కు దారిని బట్టి మారుతుంది. దిక్కు మారగా లేనిది పొడవు ఎందుకు మారకూడదని 1918లో హెర్మన్ వైల్ అడిగాడు. పొడవును ఎలా మొయ్యాలో చెప్పే నియమమే విద్యుదయస్కాంత పొటెన్షియల్ అన్నాడు. ఐన్‌స్టైన్‌కు ఆ గణితం నచ్చింది, భౌతికం నచ్చలేదు. వైల్ వ్యాసంతోపాటే అచ్చయిన ఆయన అభ్యంతరం ఇది: పొడవులు దారిని బట్టి మారితే గడియారాల వేగమూ మారుతుంది; అప్పుడు వేర్వేరు దారుల్లో ప్రయాణించి వచ్చిన ఒకే మూలకపు పరమాణువులు వేర్వేరు రంగుల గీతలు చూపాలి. కాని సోడియం ఎక్కడిదైనా దాని పసుపు గీతలు అవే చోట ఉంటాయి. సిద్ధాంతం అక్కడితో కూలింది. కొత్త క్వాంటమ్ శాస్త్రం వచ్చాక, 1926లో వ్లాదిమిర్ ఫోక్, 1927లో ఫ్రిట్జ్ లండన్ అదే గణితం పొడవుకు కాక దశకు అతికినట్టు సరిపోతుందని గమనించారు. 1929లో వైల్ తానే దాన్ని ఆ రూపంలో తిరిగి నిలబెట్టాడు. ఇక్కడ నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఐన్‌స్టైన్ అభ్యంతరానికి పట్టిన గతి. పరమాణువు తాను నడిచి వచ్చిన దారిని గుర్తుంచుకుంటుందా అన్నదే ఆయన ప్రశ్న. పొడవు విషయంలో గుర్తుంచుకోదు, కాబట్టి పాత సిద్ధాంతం తప్పు. దశ విషయంలో గుర్తుంచుకుంటే కొత్త సిద్ధాంతం ఒప్పు కావాలి. ఒక రూపాన్ని చంపిన ప్రశ్నే రెండో రూపానికి పరీక్ష అయి ఉండాల్సింది. అది పరీక్షించదగ్గ ప్రశ్న అని ఎవరికైనా తట్టడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

1949లో వెర్నర్ ఎరెన్‌బర్గ్, రేమండ్ సైడే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినుల కోసం లెక్కలు కడుతూ, క్షేత్రం లేని దారుల్లోనూ పట్టీలు జరగాలని రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1959లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ బోమ్, ఆయన విద్యార్థి యాకిర్ అహరనోవ్ అదే ఫలితాన్ని, ఈసారి దాని అర్థం మీద వేలు పెట్టి మరీ, ప్రకటించారు. బోమ్ అమెరికాలో కమ్యూనిస్టు వ్యతిరేక విచారణల దెబ్బకు ప్రిన్స్‌టన్ ఉద్యోగం పోగొట్టుకుని బ్రెజిల్, ఇజ్రాయెల్ మీదుగా ఇంగ్లండు చేరినవాడు. మరుసటి ఏడే బ్రిస్టల్‌లో రాబర్ట్ చాంబర్స్ వెంట్రుకకన్నా సన్నని ఇనుప తీగను అయస్కాంతంగా వాడి పట్టీల జరుగుదలను చూశాడు. 1962లో జర్మనీలో మోలెన్‌స్టెట్, బాయ్ అతి సన్నని తీగచుట్టలో కరెంటును మార్చుతూ, దానితోపాటే పట్టీలు జరగడాన్ని చూపించారు. కాని అనుమానం చావలేదు. ఏ అయస్కాంతమైనా చివర్ల దగ్గర కొంత కారుతుంది కదా, ఎలక్ట్రాన్‌ను తిప్పింది ఆ కారిన క్షేత్రమేనేమో? 1978లో ఇటలీకి చెందిన బోకియేరి, లోయింగెర్ అసలు ఈ ప్రభావమే లేదని, అదంతా గణితం సృష్టించిన భ్రమ అని వాదించారు.

తొనోమురా ఉంగరం ఈ వాదనకు జవాబుగా తయారైందే. ఉంగరానికి చివర్లు ఉండవు, కాబట్టి అయస్కాంత రేఖలు లోపలే చుట్టు తిరుగుతాయి. అయినా కొద్దిగా కారుతుందేమోనని అతివాహకపు తొడుగు. మరి ఆ తొడుగు నిజంగా పని చేసిందని ఎలా నమ్మడం? ఆ రుజువు పట్టీల్లోనే దొరికింది. చల్లబడిన నయోబియంలో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి, జంట ఆవేశం రెట్టింపు. ఉంగరాన్ని చుట్టి వచ్చిన జంట బాణం తాను బయల్దేరిన కోణంతో కలవాలంటే, లోపల బంధించిన అభివాహం ఒక కచ్చితమైన మొత్తానికి పూర్ణాంక రెట్లలోనే ఉండాలి. జంటకు పూర్తి చుట్టు అయిన మొత్తం, సగం ఆవేశమున్న ఒంటరి ఎలక్ట్రాన్‌కు అరచుట్టు అవుతుంది. అందువల్ల తొడుగులో చిల్లు లేకపోతే జరుగుదల సున్నా డిగ్రీలైనా ఉండాలి, 180 డిగ్రీలైనా ఉండాలి, మధ్యలో ఏదీ ఉండకూడదు. చల్లబరచక ముందు జరుగుదల అయస్కాంతాన్ని బట్టి ఎంతైనా ఉంది. 5 కెల్విన్ల దగ్గర, అంటే సున్నాకు 268 డిగ్రీల సెల్సియస్ దిగువన, ఉంగరాలు కొన్ని సున్నా చూపాయి, కొన్ని 180 చూపాయి. కారుతున్న క్షేత్రం ఇలా రెండే సంఖ్యలు ఎంచుకోదు. ప్రయోగం తన మీద రాబోయే అనుమానానికి తానే, అదీ అదే జ్యామితితో, జవాబు చెప్పుకున్న సందర్భాలు భౌతిక శాస్త్రంలో ఎక్కువ లేవు.

కారుబాటు వాదన పోయినా హెవిసైడ్ అడిగినది అలాగే ఉంది. ఇష్టం వచ్చినట్టు మార్చుకోగలిగే పొటెన్షియల్ నిజమెలా అవుతుంది? అహరనోవ్, బోమ్‌ల ఫలితం చూసి చాలామంది క్షేత్రం నకిలీ, పొటెన్షియలే నిజం అనేశారు. అది తొందరపాటు తీర్పని నా అభిప్రాయం. ఒక బిందువు దగ్గర పొటెన్షియల్ విలువను ఏ పరికరమూ కొలవలేదు, ఎందుకంటే సున్నా దిక్కు మార్చగానే అది మారిపోతుంది. మారనిది ఒక్కటే: మూసిన చుట్టు మొత్తం తిరిగి వచ్చేసరికి బాణం ఎంత తిరిగిందన్నది. అందులోనూ పూర్తి చుట్లను లెక్కలోకి తీసుకోకూడదు. 360 డిగ్రీలు తిరిగిన బాణానికి, అసలు తిరగని బాణానికి తేడా లేదు. ఒంటరి ఎలక్ట్రాన్‌ను ఇలా ఒక పూర్తి చుట్టు తిప్పే అభివాహం విలువ వెబర్‌ను వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో 4.14 భాగాలు. అంత సూక్ష్మమా అనిపిస్తుంది గాని, మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లాల భూ అయస్కాంత క్షేత్రం మిల్లీమీటరులో నూరో వంతు భుజమున్న చదరంలోంచి పంపే అభివాహం దాదాపు అంతే. 1975లో భౌతికులు వూ, యాంగ్ ఈ విషయాన్ని తేల్చి చెప్పారు: క్షేత్రం చెప్పేది సరిపోదు, పొటెన్షియల్ చెప్పేది అవసరానికి మించిపోతుంది, చుట్టు తిరిగిన బాణం చెప్పేదే సరిగ్గా సరిపోతుంది. భౌతికులు గేజ్ క్షేత్రమన్నదీ, గణితజ్ఞులు అంతకు చాలా ముందే ఫైబర్ బండిళ్ల మీద కనెక్షన్ అన్నదీ ఒకటేనని చూపిస్తూ రెండు శాస్త్రాల మాటలకు ఒక పట్టిక కూడా ఇచ్చారు.

ఇంకో అభ్యంతరం పాఠ్యపుస్తకాల మీద. సున్నా దిక్కును బిందువు బిందువుకూ మార్చుకునే స్వేచ్ఛ కావాలని పట్టుబడితే చాలు, విద్యుదయస్కాంతత్వం దానంతట అదే పుట్టుకొస్తుందని చాలా పుస్తకాలు గారడీ చేసినట్టు చెబుతాయి. గుర్తులు మార్చుకునే మన స్వేచ్ఛలోంచి ప్రకృతిలోని బలం ఎలా పుడుతుందని జాగ్రత్తగా చదివే విద్యార్థి అడిగితే, ఆ విద్యార్థిదే న్యాయం. ఆ స్వేచ్ఛ కోసం కావాల్సింది మోసే నియమం మాత్రమే. ఆ నియమానికి వక్రత ఉండాలని ఎక్కడా లేదు. చదునైన కాగితం మీద కూడా గుర్తులు అడ్డదిడ్డంగా పెట్టుకుని, వాటికి సవరణలు వేసుకోవచ్చు. వక్రత ఉందనీ, అది ఆవేశాలనూ కరెంటులనూ బట్టి మారుతుందనీ చెప్పేది ప్రయోగం. ఆ స్వేచ్ఛ, అంటే సౌష్ఠవం, చూపేది అది ఎలాంటి రూపంలో ఇమడగలదన్నదే. ఈ తేడా చెప్పకపోతే జ్యామితి మంత్రంలా కనిపిస్తుంది. చెబితే దాని బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి.

అన్నిటికన్నా పదునైన అభ్యంతరం ఇటీవలిది. అహరనోవ్ పనిచేసిన టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం నుంచే లెవ్ వైడ్‌మన్ 2012లో దాన్ని లేవనెత్తాడు. మనం ఎలక్ట్రాన్‌ను క్వాంటమ్ వస్తువుగా చూస్తూ, అయస్కాంతాన్ని మాత్రం కదలని రాయిలా చూస్తున్నాం. అయస్కాంతంలోని ఆవేశాలనూ క్వాంటమ్ తరంగాలుగా లెక్కిస్తే, దాటిపోయే ఎలక్ట్రాన్ క్షేత్రం వాటి మీద పనిచేసి, అంతే దశ తేడా అక్కడ కనిపిస్తుంది. పొటెన్షియల్ అవసరం లేదు. అహరనోవ్ బృందం దీనికి బదులిచ్చింది, వాదన ఇంకా సాగుతోంది. లెక్క గట్టిదే. కాని అది దేన్ని తోసిపుచ్చుతోందో చూడాలి. ఎలక్ట్రాన్ ఉన్న చోట దాని మీద బలం పనిచేసిందని వైడ్‌మన్ కూడా అనడు. దశ తేడా ఎవరి ఖాతాలో రాయాలన్నదే అతని తగవు. ఆ తేడా ఎంతో నిర్ణయించేది రెండు దారులూ కలిసి చుట్టిన అభివాహమేనన్నది ఏ ఖాతా పుస్తకంలోనూ మారలేదు. కాబట్టి పొటెన్షియల్‌ను పదార్థంలా ఊహించుకునేవారికి ఇది దెబ్బే. పోలిక నియమం అనేవారికి మాత్రం దీనివల్ల పోయిందేమీ లేదు.

ఈ జ్యామితి విద్యుదయస్కాంతంతో ఆగలేదు. 1954లోనే ఇదే యాంగ్, మిల్స్ అనే మరో భౌతికుడితో కలిసి, ఒక్క కోణంతో సరిపోయే బాణం స్థానంలో మరిన్ని అంశాలున్న బాణాన్ని పెట్టాడు. అప్పుడు మొదట ఏ వైపు, తర్వాత ఏ వైపు మోశామన్న వరుస కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఈ క్షేత్రపు కణానికి ద్రవ్యరాశి ఎంత అని భౌతికుడు పౌలీ నిలదీస్తే యాంగ్ దగ్గర జవాబు లేకపోయింది. జవాబు కుదిరాక అదే చట్రంలోంచి డబ్ల్యూ, జెడ్ కణాలు వచ్చాయి. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ వాటిని పట్టుకుంది. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రుబీడియం పరమాణువులతో, టంగ్‌స్టన్ ముక్కతో గురుత్వాకర్షణకు కూడా ఇలాంటి దశ తేడా ఉందని చూపించారు.

ఆవేశమూ అయస్కాంతమూ ఏదీ లేని చోట ఇదే జ్యామితిని మన దేశంలోనూ చాలా ముందే గుర్తించారు. 1956లో బెంగళూరులో సి.వి. రామన్ మేనల్లుడు, 22 ఏళ్ల ఎస్. పంచరత్నం కాంతి ధ్రువణాన్ని ఒక స్థితి నుంచి రెండో స్థితికి, అక్కడి నుంచి మూడో స్థితికి, మళ్లీ మొదటికి తెస్తే దశ ఎంత మారుతుందో లెక్కకట్టాడు. ధ్రువణ స్థితులను ఒక గోళం మీద బిందువులుగా గుర్తిస్తే, ఆ మూడు బిందువుల మధ్య త్రిభుజం గోళ కేంద్రం దగ్గర ఆక్రమించే ఘనకోణంలో సరిగ్గా సగం. 1984లో, మళ్లీ బ్రిస్టల్‌లోనే, మైకేల్ బెర్రీ క్వాంటమ్ వ్యవస్థలన్నిటికీ వర్తించే జ్యామితీయ దశను వివరించాక, అది పంచరత్నం లెక్కకు బంధువేనని బెంగళూరు శాస్త్రజ్ఞులు రామశేషన్, నిత్యానంద గుర్తుచేశారు. బెర్రీ దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుని రాశాడు. పంచరత్నం అప్పటికి లేడు. 1969లో 35 ఏళ్లకే ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయాడు. ఆయన వ్యాసం భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది, పదహారు పేజీలు. అకాడమీ తన పాత సంచికలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. గోళం మీది త్రికోణమితి కొంచెం వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఆ వ్యాసం లొంగుతుంది. భౌతిక శాస్త్రం చదువుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు దాని పేరు చెప్పండి.